లాన్యార్డ్ అంటే ఐడీ కార్డు తాడేనా, ఇంకేమైనా అర్థం ఉందా?

ఇప్పుడు ఎక్కువగా వాడేది ఆ అర్థంలోనే. అమలాపురం, భీమవరం బస్సుల్లో కాలేజీ పిల్లల మెడలో పేరు అచ్చేసిన పట్టీ ఉంటుంది చూడండి, అదే లాన్యార్డ్. మన షాపుల్లో మాత్రం ‘ఐడీ కార్డు ట్యాగ్’ అని అడగండి, వెంటనే తీసిస్తారు.

అయితే ఆ మాట ఓడల మీద పెరిగింది. మూలం ఫ్రెంచి ‘లానియేర్’, అంటే తోలు పట్టీ. తెరచాప ఓడల్లో స్తంభాన్ని నిలబెట్టే మోకుల చివర మూడు చిల్లుల చెక్క దిమ్మలు ఉండేవి. రెండు దిమ్మల మధ్య పొట్టి తాడును అటూ ఇటూ దూర్చి లాగితే మోకు బిగుసుకునేది. ఆ పొట్టి తాడే లాన్యార్డ్. పాత ఫిరంగిని పేల్చడానికి లాగే తాడుకూ ఇదే పేరు. యూనిఫాంలో భుజం నుంచి జేబులోని విజిల్ దాకా వెళ్లే అల్లిక తాడు కూడా ఇదే.

వస్తువు జారిపోకుండా మనిషిని అంటిపెట్టుకుని ఉండేలా చేసే తాడు అనుకుంటే చాలావరకు సరిపోతుంది. మా ఊళ్లో రొయ్యల చెరువు కాపలా ఆయన టార్చికి నైలాన్ తాడు ముడేసి మణికట్టుకు తగిలించుకుంటాడు. గట్టు మీద కాలు జారినా టార్చి నీళ్లలో పడదు. పేరు తెలియకపోయినా అది అచ్చమైన లాన్యార్డే. టవర్లెక్కే వాళ్ల సేఫ్టీ బెల్టును కమ్మీకి కలిపే తాడునూ అలాగే అంటారు.

పిల్లలకు కొనేటప్పుడు మాత్రం మెడ వెనక లాగితే విడిపోయే క్లిప్పు ఉన్నదే తీసుకోండి. బస్సు తలుపుకు చిక్కుకున్నా మెడ బిగుసుకోకుండా ఊడి వచ్చేస్తుంది.