రోజూ మాత్రా, రెండు నెలలకో సూదా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. చెన్నైలో పని. పండక్కీ పెళ్లిళ్లకీ సోంపేట దగ్గర మా ఊరొస్తాను. నా సంబంధాలు మగవాళ్లతోనే, ఇంట్లో తెలీదు. హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్ర రోజూ మింగడం నావల్ల కాదేమో. స్నేహితులు సూదే మంచిదంటున్నారు. ఏది ఎంచుకోను? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: మందు శక్తి కంటే ముందు మీ వారం ఎలా గడుస్తుందో చూసుకోండి. కలయిక తరచుగా ఉన్నా, ఎప్పుడన్నది ముందే తెలియకపోయినా రోజుకో మాత్రే నయం. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర అది. తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. మొదటి రెండు మూడు వారాలు కొందరికి వికారం, కడుపుబ్బరం, తలనొప్పి ఉంటాయి. కొందరు అక్కడే మానేస్తారు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

నెలకు ఒకటి రెండుసార్లే, అదీ ముందే తెలిస్తే, మగవాళ్ల మధ్య కలయికకు 2-1-1 పద్ధతి ఉంది. కలయికకు 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు ఒకేసారి వేసుకోవాలి. శనివారం రాత్రి అనుకుంటే ఆ సాయంత్రం ఆరింటికి రెండు, ఆదివారం ఆరింటికి ఒకటి, సోమవారం ఆరింటికి ఒకటి. ఆదివారం రాత్రి కూడా కలిస్తే మంగళవారం ఆరింటి దాకా లాగాలి. జనం తప్పేది చివరి మాత్ర దగ్గరే. పని అయిపోయిందిగా అని వదిలేస్తారు. అలా వదిలితే పద్ధతి సగంలో తెగినట్టే. ఆడవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకూ వద్దు, ఎందుకంటే ఈ మందు ఆ వైరస్‌నూ అణచిపెడుతుంది. వేస్తూ ఆపేస్తూ ఉంటే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు.

ఇక సూది. కాబోటెగ్రావిర్ 600 మిల్లీగ్రాములు పిరుదు కండలో వేస్తారు. మొదటి రెండూ నెల తేడాతో, తర్వాత రెండు నెలలకొకటి. సీసా దాచే బాధ లేదు గనుక కుర్రాళ్లకు నచ్చుతుంది, అది సహజమే. కానీ మీరు ఊళ్లు మారే మనిషి. తర్వాతి సూది తేదీకి చెన్నైలో ఉంటారా, సోంపేటలోనా? మానేశాక కూడా ఈ మందు నెలల తరబడి ఒంట్లో కొద్దికొద్దిగా మిగులుతుంది. ఆ తక్కువ మోతాదులో హెచ్‌ఐవీ సోకితే మందుకు లొంగని వైరస్ తయారయ్యే ప్రమాదం ఉంది. అందుకే సూది ఆపేవాళ్లు మాత్రకు మారాలి. ఆరు నెలలకోసారి పొట్ట చర్మం కింద వేసే లెనకాపవిర్‌కు 2025 జూన్‌లో అమెరికా అనుమతి వచ్చింది. దాని జెనరిక్ తయారీకి 2024లో లైసెన్సు తీసుకున్న కంపెనీల్లో మన హైదరాబాద్ హెటెరో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. అది చేతికందేదాకా ఆగకండి, మాత్రతో మొదలుపెట్టండి.

ఇంట్లో సీసా సంగతి: ముప్పై మాత్రల సీసా బీరువాలో కదిలితే గలగలమంటుంది. ఊరొచ్చేటప్పుడు ఆ వారానికి సరిపడా మాత్రలే పిల్ బాక్సులో తెచ్చుకోండి. మిగతావి అసలు సీసాలోనే, తేమ పీల్చే పొట్లంతో సహా ఉంచండి.

ప్రశ్న: మాది కవిటి. మా నాన్న డయాలసిస్‌లో ఉన్నారు. ఈ మాత్ర కిడ్నీలకు పడదంటున్నారు, నిజమేనా? (పాఠకుడు, 26 ఏళ్లు)

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇది అడగాల్సిన ప్రశ్నే. టెనోఫోవిర్ కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలో ఇబ్బంది అరుదు. ముప్పై లోపు వాళ్లకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) తప్పనిసరి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది గానీ, కిడ్నీ జబ్బు ఉన్న ఇంటివాళ్లకు ఆ వెసులుబాటు నేనివ్వను. రిపోర్టులో అంకె ఒక్కటే చూసి నార్మల్ అనుకోవద్దు, కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో లెక్క కట్టించండి. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. మీ వయసుకు 58 కిలోల మనిషికి క్రియాటినిన్ 1.3 అయితే సుమారు 71 వస్తుంది, ఫరవాలేదు. 1.6 అయితే 57. అరవై లోపు వస్తే ఈ మాత్ర మొదలుపెట్టకూడదు. అలాంటివాళ్లకు కాబోటెగ్రావిర్ సూది అసలైన ప్రత్యామ్నాయం, అది కిడ్నీ మీద ఆధారపడదు.

జీడితోటలో ఎండకు పనిచేసి, ఒళ్లునొప్పులకు షాపులో డైక్లోఫెనాక్ బిళ్ల కొని మింగే అలవాటుంటే మాత్రం దయచేసి మానండి. ఆ బిళ్ల, ఈ ప్రెప్ మాత్ర కలిస్తే కిడ్నీకి మరింత చేటు. జిమ్ కోసం క్రియాటిన్ పొడి తాగుతుంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి, అంకె ఎక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: పోయిన శనివారం కండోమ్ చిరిగింది. స్నేహితుడి దగ్గర ప్రెప్ మాత్రలు రెండు తీసుకుని వేసుకున్నాను. చాలా? (బొబ్బిలి)

జవాబు: చాలదు. జరిగిపోయాక వేసుకునేది వేరే కోర్సు. మూడు మందులు, 28 రోజులు, 72 గంటల్లోపే మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు. స్నేహితుడి మాత్రలో ఉన్నవి రెండు మందులే. మీ ఉత్తరం మాకు చేరేసరికి ఆ గడువు దాటిపోయింది. ఇప్పుడు చేయాల్సింది పరీక్ష. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) ఉచితం. ఘటన జరిగిన ఆరు వారాలకు ఒకటి, మూడు నెలలకు మరొకటి. మధ్యలో జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు వస్తే అప్పటిదాకా ఆగకండి. అలాంటి లక్షణాలు ఉండగా ప్రెప్ మొదలెట్టొద్దు, అప్పటికే వైరస్ ఉంటే రెండు మందులకు అది మొండికేస్తుంది. మీ ఫలితం మీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. మొహమాటమైతే ముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం.

ప్రశ్న: ఈ మాత్ర వేస్తే గనేరియా, సిఫిలిస్ కూడా రావా? (విజయనగరం)

జవాబు: వస్తాయి. వాటికి కండోమే. మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్షకు వెళ్లినప్పుడే సిఫిలిస్‌కూ రక్తం ఇవ్వండి. మూత్రంలో మంట, చీము, పుండు కనిపిస్తే లైంగిక వ్యాధులు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌కు వెళ్లండి, షాపు యాంటీబయాటిక్ వద్దు.