నాలుగున్నరకే చీకటి పడుతోంది, ఇంట్లో నేనొక్కదాన్నే

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మావారి ఉద్యోగం కోసం విదేశంలోని ఈ మహానగరానికి వచ్చి ఏడాదిన్నర అయింది. వేసవిలో బాగానే ఉంటాను. సెప్టెంబరు దాటితే మంచం దిగబుద్ధి కాదు. పది గంటలు పడుకున్నా నీరసం తగ్గదు, సాయంత్రమైతే తీపి మీదకే మనసు పోతుంది. గతేడాదీ ఇంతే. కొన్ని రోజులు ఎవరితోనూ ఒక్క మాట కూడా ఉండదు. ఈయనకి చెబితే ‘అన్నీ అమర్చాను, ఇంకేం లోటు?’ అంటారు. అమ్మతో ఫోన్లో బాగున్నానని చెప్పి, పెట్టేశాక ఏడుస్తున్నాను. నాకు ధైర్యం తక్కువా? వెనక్కి వెళ్లిపోవాలా?

జవాబు: మీ ధైర్యానికీ దీనికీ సంబంధం లేదమ్మా. మీరు చెప్పిన వాటిలో నన్ను ఆపింది ‘గతేడాదీ ఇంతే’ అన్న మాట. ఒంటరితనం ఒక్కటే కారణమైతే వేసవిలోనూ బాధపెట్టాలి కదా? శరదృతువులో మొదలై, అతినిద్ర, తీపి మీద యావ, నీరసంతో సాగి, వసంతానికి తగ్గిపోయే కుంగుబాటు ఒకటుంది. 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం దీన్ని వివరంగా వర్ణించింది. మీది అదేనని ఉత్తరం చూసి తేల్చలేను. కానీ పోలికలు చాలా ఉన్నాయి కాబట్టి డాక్టరును కలవండి. థైరాయిడ్ తేడా, రక్తహీనత ఉన్నా ఇలాగే నీరసం వస్తుంది, ఆ పరీక్షలూ అడగండి.

ఉత్తరార్ధగోళంలో భూమధ్యరేఖకు దూరంగా ఉన్న ఊళ్లలో పగలు అత్యంత వేగంగా తగ్గేది సెప్టెంబరు చివర్లో, అంటే సరిగ్గా మీకు మొదలయ్యే రోజుల్లోనే. తర్వాత గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పే చోట్ల సాయంత్రం ఒక్కసారిగా ముందుకొచ్చేస్తుంది. మన ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది ముఖ్యంగా ఉదయపు వెలుతురే. పొద్దెక్కేదాకా మంచం మీదే ఉండి, ఆ తర్వాత గదిలోనే గడిపేస్తే అది దొరకదు. గదిలో లైటు మనకు ప్రకాశంగానే కనిపిస్తుంది గానీ, మామూలుగా కొన్ని వందల లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు. ఆకాశం మబ్బుగా ఉన్నా పగటిపూట బయట దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే వానా చలీ అని చూడకుండా, లేచిన గంటలోపు అరగంట బయట నడవండి. వెళ్లాలనిపించదు, తెలుసు. అనిపించేదాకా ఆగితే డిసెంబరు వచ్చేస్తుంది.

డాక్టరు సరేనంటే 10,000 లక్స్ దీపం ముందు రోజూ ఉదయం ఓ అరగంట కూర్చోవచ్చు. దానివైపు నేరుగా చూడనక్కర్లేదు, పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. కంటి రెటీనా జబ్బులున్నా, మీకో ఇంట్లోవాళ్లకో బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నా, ఏవైనా మందులు వాడుతున్నా ముందే చెప్పండి. కొందరికి మందులో కౌన్సెలింగో అవసరమవుతాయి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక మీవారి సంగతి. ఆ మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో అర్థమవుతోంది. బహుశా ‘ఇక్కడ బాగాలేదు’ అని మీరంటే, ‘నువ్వు సరిగ్గా చూసుకోవట్లేదు’ అని ఆయనకు వినిపిస్తోంది. అందుకే లెక్క చెబుతున్నారు. చీకటి పడ్డాక, అలసిపోయి వచ్చిన మనిషితో ఈ సంభాషణ వద్దు. సెలవురోజు పగలు కూర్చుని, ‘మీ మీద ఫిర్యాదు కాదు, ఈ కాలంలో నా ఒంట్లో ఏదో జరుగుతోంది, గతేడాదీ జరిగింది’ అని మొదలుపెట్టండి. తర్వాత స్పష్టంగా అడగండి: ఆఫీసుకు వెళ్లేముందు నాతో కాసేపు నడుస్తారా, డాక్టరు దగ్గరికి తోడొస్తారా, సాయంత్రం ఒక ఫోన్ చేస్తారా అని. ‘నన్ను పట్టించుకోండి’ అంటే ఏం చేయాలో చాలామందికి తెలియదు. ‘ఐదింటికి ఫోన్ చేయండి’ అంటే తెలుస్తుంది.

అమ్మకు అబద్ధం చెప్పకండి. దూరంగా ఉన్న తల్లిని కంగారుపెట్టకూడదన్న మీ ప్రేమ తెలుస్తూనే ఉంది, కానీ ఆ దాపరికమే మిమ్మల్ని ఇంకా ఒంటరిని చేస్తోంది. ‘ఈ కాలంలో కొంచెం దిగులుగా ఉంటోందమ్మా, డాక్టరుకు చూపించుకుంటున్నాను’ అంటే చాలు.

పెద్ద నగరంలో స్నేహం కావాలంటే కొత్తవాళ్లను కలవడం కన్నా, అదే ముఖాలను మళ్లీ మళ్లీ చూడటం ముఖ్యం. అందుకే వాట్సాప్ గ్రూపుల కన్నా, వారానికోసారి ఒకే వేళకు జరిగే తరగతిని నమ్ముతాను. అక్కడి భాష నేర్పేదైనా, లైబ్రరీలో చదువరుల బృందమైనా సరే. మొదట్లో నవ్వుతో సరిపెట్టినా నాలుగు వారాలు మానకండి.

వెనక్కి వెళ్లడమా? ఆ ఆలోచనను అణచిపెట్టకండి, ఆయనతోనూ దాచకండి. కానీ నిర్ణయం మాత్రం చికిత్స మొదలై, మనసు తేలికపడ్డాక తీసుకోండి. ఎండ తిరిగొచ్చాక కూడా వెళ్లిపోవాలనే ఉంటే అది మీ అసలైన కోరిక, దాన్ని ఇద్దరూ గౌరవించాల్సిందే.

ఈలోగా ఎప్పుడైనా బతకాలని లేదనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు. వెంటనే మీవారిని పిలవండి, అక్కడి అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళే ఫోన్లో పెట్టుకోండి.