సహాయ వైద్యురాలా, సహ వైద్యురాలా?

సందేహం: మా అమ్మాయి అమెరికాలో, ఒరెగాన్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్. 2024లో అక్కడ చట్టం మార్చి ఇకమీదట ఫిజీషియన్ అసోసియేట్ అనాలన్నారు. ఊళ్ళో చుట్టాలకి ఇన్నాళ్ళూ "సహాయ వైద్యురాలు" అని చెప్పుకున్నాం, ఇప్పుడు "సహ వైద్యురాలు" అనాలా?

సమాధానం: వద్దమ్మా. మీకు ఆ ఆలోచన యూనివర్సిటీ బోర్డులు చూసి వచ్చుంటుంది, అసిస్టెంట్ ప్రొఫెసరైతే సహాయ ఆచార్యుడు, అసోసియేట్ అయితే సహ ఆచార్యుడు అంటారు కదా. అక్కడ పేచీ లేదు, ఇద్దరూ పాఠం చెప్పేవాళ్ళే. కానీ తెలుగులో "సహ" దేనికి తగిలిస్తే వాళ్ళు కూడా అదేనని అర్థం, సహ ప్రయాణికుడంటే ఆయనా ప్రయాణికుడే, సహ నిందితుడంటే వాడూ నిందితుడే, మరి సహ వైద్యురాలంటే ఆవిడా డాక్టరే అనుకుంటారు. ఆ చట్టం పేరు మార్చింది గానీ వాళ్ళని డాక్టర్లని చెయ్యలేదు.

పోనీ పాతదే ఉంచుదామా అంటే "సహాయ వైద్యురాలు" కూడా చిన్న డాక్టరులాగే వినపడుతుంది. "వైద్యుడి సహాయకురాలు" అన్నామా, మా తరం వాళ్ళకి కాంపౌండరే గుర్తొస్తాడు, సీసాలో ఎర్రమందు పోసి, పూటకెంతో తెలియడానికి కత్తిరించిన కాగితం ముక్క అంటించే ఆయన. వీళ్ళేమో పేషెంటుని చూస్తారు, జబ్బేంటో తేలుస్తారు, మందులు రాస్తారు. అసిస్టెంట్ అంటే చులకనగా ఉందనే వాళ్ళ సంఘం 2021లో అసోసియేట్‌కి మారింది. బ్రిటన్‌లో కథ తిరగబడింది, 2014లో అసోసియేట్ చేసుకున్నారు, జనం డాక్టర్లనుకుని పొరబడుతున్నారు మళ్ళీ అసిస్టెంట్ అనండని 2025లో ప్రభుత్వం వేయించిన సమీక్షే చెప్పింది.

తమాషా ఏంటంటే సంస్కృతంలో సహాయుడంటే కూడా వెంట వెళ్ళేవాడనే, సహ అంటే వెంట, అయ అంటే పోవడం. "చీకటిగా ఉంది, సందు చివరిదాకా సాయం రారా" అంటాం చూడండి, ఆ పిల్లాడు చేసే పనేమీ లేదు, పక్కన నడవడమే. అంటే వాళ్ళు పోట్లాడి తెచ్చుకున్న తేడా ఈ మాట పుట్టుకలో లేనేలేదు!

రాసేప్పుడు ఫిజీషియన్ అసోసియేట్ అనే రాయండి, లైసెన్సు మీద ఉండే పేరు అది. పొట్టిగా పీఏ అని మాత్రం అనకండి, ఏ ఎమ్మెల్యే దగ్గరా అని అడుగుతారు. చుట్టాలకంటారా, "డాక్టరు కాదు గానీ చూసి మందు రాస్తుంది" అంటే సరిపోతుంది.