వేలిముద్రతో డబ్బు లాగేస్తే...

ప్రశ్న: మా అమ్మ ఖాతాలోంచి నిన్న రెండు విడతల్లో రూ.20,000 పోయాయి. ఆవిడకు ఏటీఎం కార్డే లేదు, ఓటీపీ కూడా రాలేదు. నెల కిందట స్థలం రిజిస్ట్రేషన్ చేయించాం. దానివల్లేనా?
– ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కావచ్చు. మెసేజ్‌లో ‘ఏఈపీఎస్’ (ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి) అని ఉందేమో చూడండి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఆ పద్ధతిలో డబ్బు తీయొచ్చు. పిన్ అడగదు, ఓటీపీ రాదు. విడతకు పదివేలు మించదు కాబట్టే రెండుసార్లు లాగి ఉంటారు. దస్తావేజు కాపీలో ఆధార్ నంబరూ వేలిముద్రా ఒకేచోట దొరకొచ్చు. ఆ ముద్రకు అచ్చు పోసి వాడిన కేసులు ఉన్నాయి.

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఖాతా నంబరు, తేదీ, సమయం, మెసేజ్‌లోని రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. కౌంటర్లో నోటిమాటగా చెప్పి వచ్చేస్తే రేపు ఆధారం ఉండదు. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా, మెసేజ్ అందిన మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న సర్క్యులర్ ఇచ్చింది. ఫిర్యాదులో ఆ సర్క్యులర్ తేదీ రాయండి.

ఇవాళే ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ (వేలిముద్ర) లాక్ వేయండి. అమ్మగారి ఆధార్‌కు ఫోన్ నంబరు జతై ఉండాలి, లేకుంటే ముందు ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లక తప్పదు. లాక్ వేశాక రేషన్ దగ్గరా, ఒకటో తారీఖు పింఛను దగ్గరా వేలిముద్ర పడదు. చాలామంది విసిగి లాక్ తీసిపారేసేది అక్కడే. తీసేయక్కర్లేదు, తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాల్లో దానంతటదే మళ్లీ పడిపోతుంది. సచివాలయం వాళ్లు గుమ్మంలోకి వచ్చాక తెరవండి.

ప్రశ్న: కొరియర్ వాళ్లమంటూ ఫోన్ చేసి, *21* తర్వాత ఒక నంబరు, చివర # కొట్టమన్నారు. కొట్టేశాను.
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీకొచ్చే కాల్స్ ఇప్పుడు వాళ్లకు పోతున్నాయి. మెసేజ్‌లు మళ్లవు గానీ, కాల్ ద్వారా చదివే ఓటీపీ వాళ్ల చెవిన పడుతుంది. వాట్సాప్ కాజేసేది అలాగే. వెంటనే ##002# కొట్టండి, ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. *#21# తో సరిచూసుకోండి. వాట్సాప్‌లో ఆరంకెల టూ స్టెప్ పిన్ పెట్టండి.