రకరకాల సంగీతంలో మంచి ఆల్బమ్స్ చెప్పమన్నారు కదా

మీరు అడిగింది ఇదీ: రోజూ గుంటూరు నుంచి విజయవాడకి పాసింజర్లో ఉద్యోగానికి వెళ్తారు, గంట ప్రయాణం, ఇప్పటిదాకా సినిమా పాటలు తప్ప విన్నది లేదు, వేరే వేరే రకాల్లోంచి కొన్ని ఆల్బమ్స్ చెప్పమని. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. రాగం పేరు అడిగితే బిక్కమొహం వేస్తాను. కాకపోతే ఇంటర్ తప్పి, 1991లో బ్రాడీపేటలో ఒక రికార్డింగ్ సెంటర్లో చేరి రెండేళ్లు క్యాసెట్లు నింపాను. ఏ ఆల్బమ్ ఎన్ని నిమిషాలో, ఏ పాట దగ్గర టేపు అయిపోతుందో ఇప్పటికీ నోటికొచ్చు. నాకున్న అర్హత అంతే.

మా షాపాయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయనకి ఖాళీ టేపు ఇవ్వాలంటే నామోషీ. సిక్స్‌టీ క్యాసెట్ అంటే అటు ముప్పై, ఇటు ముప్పై. ‘వాడు అరవైకి డబ్బులిచ్చాడ్రా అబ్బాయ్, యాభై అయిదు నింపి ఇస్తే కొలత తక్కువ పోసినట్టు కాదూ?’ అనేవాడు. అందుకని చివర్లో ఎంత టేపు మిగిలితే అంతలో, చేతికి అందిన పాటేదో ఎక్కించేవాడు. భక్తి పాటల వెనక ఐటెం సాంగు, పెళ్లి మేళం వెనక మిమిక్రీ. చాలామంది ఏమీ అనేవాళ్లు కాదు, ఊరికే వచ్చింది కదా అని.

ఒకసారి మెడికోల హాస్టల్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. అమెరికా నుంచి వాళ్ల మావయ్య తెచ్చిన క్యాసెట్, దానికి కాపీ కావాలి. జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. మొదటి సైడులో మూడే ముక్కలు, పాతిక నిమిషాలకి కాస్త తక్కువ. ఐదు నిమిషాలు మిగిలింది. బాబాయ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, పక్క డెక్కులో ఉన్న హరిశ్చంద్ర కాటిసీను పెట్టాడు. జాషువా గారి ‘ఇచ్చోటనే’ పద్యం. కుర్రాడు రెండోరోజు పొద్దున్నే వచ్చేశాడు. ‘ఏంటండీ ఇది, ట్రంపెట్ అయిపోగానే కాటికాపరి వచ్చాడు!’ అని. ఖాళీ వదిలి మళ్లీ కొత్తది చేసిచ్చాం. వాపసొచ్చిన క్యాసెట్‌ని బాబాయ్ నా చేతిలో పెట్టి, ‘నీ జీతంలో కోసుకుంటాలే’ అన్నాడు. కోసుకున్నాడు కూడా.

కాబట్టి మొదటి ఆల్బమ్ అదే. జాజ్ అంటే భయపడకండి, ఇది 1959లో రెండు రోజుల రికార్డింగుతో అయిపోయిన ఆల్బమ్. మైల్స్ డేవిస్ తన వాళ్లకి రిహార్సల్ లేకుండా, స్టూడియోకొచ్చాక స్థూలంగా ఒక గీత గీసి చూపించినట్టు చెప్పి వాయించమన్నాడు. మొదటి ముక్క ‘సో వాట్’లో ముందు బేసు (లావు గొంతు తీగవాద్యం) ఒక మాట అంటుంది, మిగతావాళ్లు రెండే దెబ్బల్లో జవాబిస్తారు. మళ్లీ అంటుంది, మళ్లీ ఆ రెండే. నాకు మొదట్లో ఏం అర్థం కాలేదు. నాలుగోసారో అయిదోసారో, బుర్రకథలో కథకుడు ఒక మాట అంటే వంతలు ‘తందాన తాన’ అన్నట్టే ఉందే అనిపించింది. ఆ తర్వాత నాకది పరాయి సంగీతం కాలేదు. ఒకే స్కేలు మీద చాలాసేపు నిలబడి దాన్నే తిరగేసి మరగేసి వాయిస్తారు. మన రాగమూ ఇదీ ఒకటే అనను గానీ, ఆలాపన విన్న చెవికి తొందరగా పట్టుబడుతుంది. ఒక్క ఇబ్బంది ఏంటంటే, మూడో ముక్క ‘బ్లూ ఇన్ గ్రీన్’ పియానో మెల్లగా ఆగిపోగానే నాకు ఇప్పటికీ హార్మోనియం శ్రుతి వినపడుతుంది. ఆ పద్యం కూడా సగం ఆలాపనలో, టేపు అయిపోయి, ‘టక్’మని ఆగేది. తర్వాత ఎన్నోసార్లు పూర్తిగా విన్నాను గానీ, ఆ తెగినచోట మనసు ఆగుతూనే ఉంటుంది.

పద్యం మాట వచ్చింది కనక, మన వైపు సంగతి. బుర్రకథ అంటే షేక్ నాజర్. ఊరు పొన్నెకల్లు, మీ గుంటూరు పక్కనే. ఆల్బమ్ అనొచ్చో లేదో గానీ ‘పల్నాటి యుద్ధం’ దొరికితే వదలొద్దు. గుమ్మెటల మోత ఇయర్‌ఫోన్లో ఇరుకుగా ఉంటుంది, ఇంట్లో స్పీకర్లో పెట్టుకోండి.

రాక్‌లో ఒక్కటే చెప్తాను. పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, 1973. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే అయిపోతుంది, మధ్యలో పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుడుతుంటాయి. దీన్ని నింపడం మాకు పెద్ద తలనొప్పి, ఎక్కడ కోద్దామన్నా కోత కనపడుతుంది. ఇందులో ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ అని ఒకటుంది, చావు గురించి. పాడే మాటలుండవు. క్లేర్ టోరీ అనే ఆవిడని ఒక పూట కూలికి పిలిచినట్టు పిలిచి, మాటలొద్దు, గొంతుతోనే ఏదో ఒకటి చెయ్యమన్నారు. ముప్పై పౌండ్లిచ్చారు. (ముప్పై ఏళ్ల తర్వాత ఆవిడ కోర్టుకెక్కితే, 2005లో రాజీ కుదిరి, పాట కట్టినవాళ్లలో ఆవిడ పేరు కూడా వేశారు. ఆలస్యమైనా బాగా జరిగింది.) ఒక ఆదివారం ఇంట్లో ఇది పెట్టాను. నాయనమ్మ వంటింటి గుమ్మంలో కూచుని గోంగూర ఒలుస్తోంది. ఆ క్లేర్ టోరీ గొంతు పైకి లేచేసరికి నాయనమ్మ చేతిలో కాడ అలాగే పట్టుకుని, వీధి వైపు చూసి, ‘ఎవరింట్లో పోయార్రా?’ అంది. ఇంగ్లిష్ ముక్క రాదు నాయనమ్మకి. పాట దేని గురించో నాకప్పటికి తెలీదు, చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను.

దీనికి సరిగ్గా అటువైపు ఘంటసాల భగవద్గీత. దాన్ని మనవాళ్లు వైకుంఠ రథానికి కట్టేశారు. వీధి చివర ఆ గొంతు వినపడగానే తలుపులు తెరిచి ‘ఎవరూ?’ అని అడుగుతాం. ఇంట్లో మామూలు రోజు పెడితే పెద్దవాళ్లు తిడతారు. నాకు ఈ విషయంలో గట్టి కోపమే ఉంది. అది ఆయన చివరి రోజుల్లో పాడిన రికార్డు, 1974 ఫిబ్రవరిలో పోయారు. శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్తారు చూడండి, పక్కన కూచున్న మనిషికి చెప్పినట్టు. ఎక్కడా గొంతు పెంచరు. ఒకసారి రైల్లో, ఎవరూ పోని రోజు వినండి.

కర్ణాటక సంగీతానికి కచేరీలతో మొదలుపెట్టొద్దు, పారిపోతారు. బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలతో మొదలుపెట్టండి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకుని, విజయవాడ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌గా చేసి, విజయవాడ రేడియో భక్తిరంజనిని జనానికి అలవాటు చేసిన మనిషి. ‘పలుకే బంగారమాయెనా’లో ఆయన బతిమాలడు, అలుగుతాడు. అది పట్టుకుంటే మిగతావన్నీ అవే వస్తాయి.

హిందుస్తానీకి ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’, 1967. శివకుమార్ శర్మ సంతూర్ (పుల్లలతో తట్టి వాయించే తీగల వాద్యం), హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీర్లో గొర్రెలకాపరికి తెల్లారిందగ్గర్నుంచి ఒక రోజు గడవడం కథ. పాట ఒక్కటీ లేదు. వరసలోనే వినాలి, పొద్దున రాగాన్ని సాయంత్రం రాగం తర్వాత పెడితే రోజు తలకిందులవుతుంది. పొద్దుట బండికి ఇదే నా ఓటు.

మీరు సినిమా పాటల మనిషి కాబట్టి ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ చెప్పకపోతే తప్పు. 1986. త్యాగరాజుకీ, పాశ్చాత్య సంగీతకారుడు బాహ్‌కీ అంకితమిచ్చాడు. వి.ఎస్. నరసింహన్ వయొలిన్. మా షాపులో దీనికి గిరాకీయే లేదు. ‘పాటలేవీ లేవేంటి?’ అని వెనక్కి తెచ్చినవాళ్లే ఎక్కువ. మీకు తెలిసిన ఆయన పాటల వెనక తీగల మీద నడిచే సంగీతం ఉంటుంది కదా, అదొక్కటే తీసి ముందు పెట్టినట్టు. ఇదొక్కటి మీకు వెంటనే నచ్చకపోతే ఆశ్చర్యపోతాను.

ఇక టకటకా రెండు. ఖవ్వాలీకి నుస్రత్ ఫతే అలీ ఖాన్ ‘మస్త్ మస్త్’, 1990. అసలు ఖవ్వాలీ ఇది కాదంటారు తెలిసినవాళ్లు, నిజమే, గిటార్లూ అవీ కలిపారు. అయినా గుమ్మం ఇదే, లోపలికి వెళ్లాక ఆయన తన బృందంతో పాడినవి వినండి. క్యూబా నుంచి ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’, 1997. ఆఫ్రికా నుంచి రావాల్సిన వాద్యగాళ్లు రాలేకపోతే, ఊళ్లో మరిచిపోయిన ముసలాళ్లని పోగుచేసి ఈ ఆల్బమ్ చేశారు. అందులో పాడిన ఇబ్రహీం ఫెరెర్ అప్పటికి బూట్లు తుడిచి బతుకుతున్నాడు. భాష అక్కర్లేదు. వినండి అంతే.

మైకేల్ జాక్సన్ మీకు తెలిసిందే, వదిలేస్తున్నా. ‘బెస్ట్ ఆఫ్’, ‘గ్రేటెస్ట్ హిట్స్’ అని ఉన్నవి మాత్రం మొదట్లోనే కొనొద్దు, పెట్టొద్దు. అవి మా షాపులో మేం చేసిన పనే, అక్కడోటీ ఇక్కడోటీ కోసి అతికించడం.

బండిలో వినేటప్పుడు ఫోన్లో షఫుల్ ఆపేయండి. కైండ్ ఆఫ్ బ్లూ అయితే గుంటూరులో బండి కదలగానే పెట్టండి, నంబూరు దాటేదాకా ఓపిక పట్టండి, మంగళగిరి వచ్చేసరికి చెవి సర్దుకుంటుంది. నలభై అయిదు నిమిషాలు. బండి వేళకి నడిస్తే కృష్ణా కెనాల్ దగ్గర అయిపోతుంది. నడవకపోతే అక్కడ ఎలాగూ ఆపుతాడు, రెండోది మొదలుపెట్టుకోవచ్చు. బ్రిడ్జి ఎక్కాక ఇయర్‌ఫోన్లు తీసేయండి, ఆ ఇనప మోతలో ఏదీ వినపడదు.