తులారాశికి త్రాసు గుర్తు ఎందుకు? దానికీ ఋతువుకూ సంబంధం ఏమిటి?

ఇందుకు సాధారణంగా చెప్పే కారణం శరద్విషువత్తు. సుమారు రెండు వేల ఏళ్ల క్రితం సూర్యుడు ఈ రాశిలో ప్రవేశించే వేళకు పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండేవి కనుక, ఏ వైపూ మొగ్గని త్రాసు ఆ స్థితికి సహజమైన ప్రతీకగా నిలిచింది. అయితే ఇదొక్కటే కారణమనడం తొందరపాటు అవుతుంది. బాబిలోనియన్లు అంతకు ఎంతో ముందే ఈ నక్షత్రాలను త్రాసుగా గుర్తించగా, గ్రీకులు చాలాకాలం వాటిని పక్కనున్న వృశ్చికం డెక్కలుగానే లెక్కించారు. పన్నెండు రాశులలో ప్రాణం లేని వస్తువే గుర్తుగా ఉన్నది సాధారణంగా దీనికొక్కదానికే.

అయనచలనం (భూమి అక్షం దిశ నెమ్మదిగా మారుతూ ఉండడం) వల్ల ఇప్పుడు విషువత్తు సెప్టెంబరు 22 లేదా 23న, నిరయన గణనలో, అంటే నక్షత్రాలను ఆధారం చేసుకునే లెక్కలో, సూర్యుడు కన్యలో ఉండగానే వస్తుంది. మన పంచాంగాల తులా సంక్రమణం అక్టోబరు 17 ప్రాంతంలో, శరదృతువులో పడుతుంది. కర్ణాటకలోని కొడగు జిల్లాలో, కావేరి జన్మస్థానమైన తలకావేరిలో కావేరి తీర్థోద్భవం (నదీజలం ఊటగా ఉబికే పండుగ) జరుపుకొనేది ఆ ముహూర్తానికే.

జ్యోతిషంలో తుల సూర్యుడికి నీచరాశి, అంటే ఆయన బలం అతి తక్కువగా ఉండే రాశి. విషువత్తు దాటాక పగలు రాత్రికంటే కురచ కావడమే దీనికి మూలమన్న వ్యాఖ్యానం నాకు సబబుగా తోస్తుంది, కాకపోతే అది భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవారికే వర్తిస్తుంది.