అవ్వ కాసులపేరు కరిగించాలా? (సమాధానం)

అక్కా, మీ అవ్వ కాసులపేరు కరిగించాలా అని అడిగారు కదా, కరిగించొద్దు. మీ కూతుళ్లిద్దరికీ సమానంగా రావాలనే కదా కంసాలి ఆచారి గారు కరిగించి రెండు హారాలు చేద్దామన్నారు? దానికి కరిగించనక్కర్లేదు. కాసులు విడివిడి బిళ్లలే కాబట్టి తలా సగం తీసి, మధ్యలో బంగారు గుండ్లు వేసి రెండు కాసులపేర్లు గుచ్చించండి. కరిగిస్తే పాత టాంకంతో (అతుకు లోహంతో) తూకం తగ్గుతుంది, పైన తరుగు, మజూరీ మళ్లీ మీదే.

ముందు ఒక్కో కాసునూ తిప్పి చూడండి. లక్ష్మీదేవి ఉంటే కంసాలి చేసినది. రాణి, రాజు తల ఉంటే అసలు సావరిన్ (బ్రిటిష్ బంగారు నాణెం) కావచ్చు: 22 క్యారెట్లు, 7.98 గ్రాములు. మన తిరుపతిలో ‘సవర’ అంటున్నది ఆ పేరే. హాల్‌మార్కింగ్ కేంద్రంలో స్వచ్ఛత పరీక్ష చేయించుకోండి. కొక్కేలు అరిగితే అవి మాత్రమే మార్పించండి.

కాసులపేరంటే ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు మెడలో కట్టి పంపిన ఆస్తి. అవసరమొస్తే ఒక్క కాసు తీసుకోవచ్చు, కాసులపేరు మిగులుతుంది. తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల్లో గజవాహనం నాడు అమ్మవారికి తిరుమల నుంచి వచ్చేదీ లక్ష్మీకాసుల హారమే. మీ అవ్వ చేతిలో అరిగిన ఆ కాసుల్ని పిల్లలకు అలాగే ఇవ్వండక్కా.